గొంతులతో వాన: శ్రుతి జారకుండా, చినుకులు తాళంలో పడకుండా ఎలా?

16 మంది క్వయర్ (బృందగానం), వాద్యాలు లేవు, గొంతులతోనే 6 నిమిషాల వాన చప్పుడు. బాస్‌లు (అడుగు స్థాయి మగ గొంతులు) నోరు మూసి షడ్జ పంచమాలు (స, ప) పట్టి ఉంటారు. ఆల్టోలది (కింది స్థాయి ఆడ గొంతులు) ‘ష్‌’ అనే గాలి, టెనర్లవి (పై స్థాయి మగ గొంతులు) నాలుకతో చినుకులు. సొప్రానోలు (పై స్థాయి ఆడ గొంతులు) మోహన రాగం స్వరాల్లో పిట్టల పిలుపులు అప్పటికప్పుడు అల్లుతారు. అందులో పక్కపక్క అర్ధస్వరాలు ఉండవు కాబట్టి ఎవరు ఏది పాడినా గరుకనిపించదు.

మూడో నిమిషానికి శ్రుతి పావు స్వరం దిగుతోంది. ఊపిరి వంతులవారీగానే తీస్తున్నారు, అయినా మళ్లీ అందుకునే ప్రతిసారీ కాస్త కిందనే పడుతోంది. నోరు మూసినప్పుడు పళ్లు బిగించడం వల్లనా?

చినుకులు మరీ కష్టం. చెల్లాచెదురుగా మొదలై అర నిమిషంలో ఒకే లయలో పడిపోతాయి, చెవి పక్కవారిని పట్టేస్తుంది. ఊపిరికొక చినుకు అని కడితే విడిపోయాయి గానీ, జోరు రావట్లేదు. తాళం పడనివ్వకుండా తుంపరను జోరువానగా పెంచిన వాళ్లుంటే దయచేసి పద్ధతి చెప్పండి.