పాత సిస్టంలో యూఎస్‌బీ డ్రైవర్ ఎక్కట్లేదు: కుస్తీ పట్టాలా, కొత్తది కొనాలా?

మారతహళ్లి_మధు: మాది మారతహళ్లిలో కిరాణా కొట్టు. నాన్న ఇప్పటికీ విండోస్ 7 మీదే బిల్లింగ్ చేస్తారు. కాటాని సిస్టంకి కలిపే కేబుల్ పాడైతే కొత్త యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ తెచ్చాను. దాని డ్రైవర్ (సిస్టం ఆ కేబుల్‌తో మాట్లాడటానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) పనిచేయట్లేదు. డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం, కోడ్ 10. మూడు రోజులుగా ఇదే టెన్షన్. తూకం చూసి బిల్లులో చేత్తో టైప్ చేస్తున్నాం. డ్రైవర్ ప్యాక్ (డ్రైవర్లన్నీ ఒకేసారి వెతికి ఎక్కించేది) వేసేదా, సిస్టమే మార్చేదా?

వైట్‌ఫీల్డ్_వాసు: మార్చేయండి. విండోస్ 7కి సపోర్ట్ 2020 జనవరి 14నే ఆగిపోయింది, ఇక సెక్యూరిటీ అప్‌డేట్‌లు రావు, నెట్‌లో పెడితే ప్రమాదం. అందులో యూఎస్‌బీ 3.0కి సొంత డ్రైవరే లేదు, విండోస్ 8 నుంచే వచ్చింది. ఇంకా దాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకు?

చిన్ను: నీలం పోర్టులో (3.0ది) పెట్టారా, నల్లదాంట్లోనా?

ఎస్పీరోడ్_మెకానిక్: వాసు గారూ, కాటా కేబుల్‌కి 3.0తో ఏం పని? దాని వేగం మహా అయితే 12 ఎంబీపీఎస్. మధు తమ్ముడూ, డ్రైవర్ ప్యాక్ జోలికి మాత్రం పోకు. ఒక్క డ్రైవర్ అడిగితే పది దించుతుంది, అడగని బ్రౌజర్ కూడా ఎక్కిస్తుంది. అలా పాడైన సిస్టంలు వారానికి రెండైనా నా బల్ల మీదికి వస్తాయి. కోడ్ 28 అంటే డ్రైవరే లేదని. 52 అంటే డ్రైవర్ డిజిటల్ సంతకం కుదరలేదని. నీది 10, అంటే డ్రైవర్ ఉంది, డివైస్ స్టార్ట్ కావట్లేదు. ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కి వెళ్లి హార్డ్‌వేర్ ఐడీలు చూసి ఇక్కడ పెట్టు.

వైట్‌ఫీల్డ్_వాసు: 3.0 ఉదాహరణకి చెప్పాను. అసలు సంగతి వదిలేసి దాన్నే పట్టుకున్నారు. ఇవాళ కేబుల్, రేపు ప్రింటర్, ఎల్లుండి ఇంకోటి. ఎన్నాళ్లు?

ఎస్పీరోడ్_మెకానిక్: పనిచేసినన్నాళ్లు. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని నాది. "మార్చేయండి" అనే మాట ఎవరైనా అంటారు. ఒక స్టేషనరీ షాపాయన బంధువు, మీలాగే ఇంజనీరు, ఆదివారం వచ్చి కొత్త విండోస్ వేసి వెళ్లాడు. ఆరేళ్ల లెక్కలు పోయాయి. ఆయన నా ముందు కూర్చుని ఏడ్చాడు సార్.

వైట్‌ఫీల్డ్_వాసు: బ్యాకప్ తీయకపోవడం అతని తప్పు. దానికి ఇంజనీర్లందరినీ తిడతారా? మీకు రిపేర్లు కావాలి కాబట్టి పాతవే ఉండాలంటారు.

ఎస్పీరోడ్_మెకానిక్: ఇక్కడ ఒక్క పైసా అడిగానా? ఆ మాట వెనక్కి తీసుకోండి.

కోలార్_కోడలు: ఇద్దరూ కాస్త ఆగండి బాబూ, పాపం ఆ అబ్బాయి కాటా!

వైట్‌ఫీల్డ్_వాసు: సరే, ఆ మాట తప్పే. అసలు విషయం చెప్తాను. నెల్లూరులో మా నాన్న దగ్గర ఇలాంటి సిస్టమే ఉంది. ప్రతి ఆదివారం ఫోన్. "త్రికోణం వచ్చిందిరా" అంటారు. ఏ త్రికోణమో, ఎక్కడో చెప్పలేరు. వీడియో కాల్‌లో స్క్రీన్ చూపించమంటే సీలింగ్ ఫ్యాన్ చూపిస్తారు. కొత్తది కొనిస్తానంటే వద్దంటారు. నాకు ఓపిక అయిపోయింది. మధు వాళ్ల నాన్న కూడా రేపు మధుకే ఫోన్ చేస్తారు.

మారతహళ్లి_మధు: ఫోన్ ఎందుకన్నా, పక్కనే ఉంటాను. మార్చడానికి మాకూ ఇష్టమే. కానీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చినాయన దుకాణం ఎత్తేశాడు. కొత్తదానిలో అది ఎక్కదు, సరుకుల పేర్లన్నీ మళ్లీ కొట్టాలి. ఐడీలు ఇవీ: వీఐడీ (తయారీదారు నంబర్) 067బి, పీఐడీ (వస్తువు నంబర్) 2303.

ఎస్పీరోడ్_మెకానిక్: ఇది ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు! అది పీఎల్2303 చిప్. కేబుల్ కొత్తదే, లోపలి చిప్ పాత రకమో నకిలీదో అయి ఉంటుంది. కొత్త డ్రైవర్ అలాంటివాటిని ఒప్పుకోదు, కోడ్ 10 చూపిస్తుంది. పాత డ్రైవర్ 3.3.2.105 తెచ్చుకో. అప్‌డేట్ డ్రైవర్‌లో వెతకమనకుండా, లిస్టులోంచి నువ్వే ఎంచుకో. అదీ కుదరకపోతే సీహెచ్340 చిప్ ఉన్న కేబుల్ కొనుక్కో.

చిన్ను: పోర్టు రంగు చెప్పలేదు ఇంకా.

మారతహళ్లి_మధు: నల్లదే చిన్నూ. అన్నా, త్రికోణం పోయింది! కానీ కేబుల్‌కి పోర్టు నంబర్ కామ్ 7 అని వచ్చింది. మా బిల్లింగ్‌లో కామ్ 4 వరకే ఉంది.

ఎస్పీరోడ్_మెకానిక్: కేబుల్‌ని అన్ని పోర్టుల్లోనూ పెట్టి చూసి ఉంటావు, పోర్టు మారినప్పుడల్లా కొత్త నంబర్ ఇస్తుంది. పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లో కామ్ 3 పెట్టు. వాడుకలో ఉందంటే అది పాత గుర్తు కావచ్చు. హిడెన్ డివైసెస్‌లో మసకగా కనిపించేవి తీసెయ్. ఇక ఆ కేబుల్ ఆ పోర్టులోంచి పీకొద్దు.

మారతహళ్లి_మధు: కాటా మాట్లాడుతోంది అన్నా! నాన్న కందిపప్పు తూస్తున్నారు.

వైట్‌ఫీల్డ్_వాసు: సంతోషం. ఆ సిస్టంకి నెట్ తీసేశారా, ఉందా?

మారతహళ్లి_మధు: జీఎస్టీ దాంట్లోంచే వేస్తాం కదన్నా.

వైట్‌ఫీల్డ్_వాసు: విన్నారా మెకానిక్ గారూ?