సిమెంటు బోర్డు పొరలు విడిపోతున్నాయి: ఆటోక్లేవ్ తప్పా, డ్రయర్ తప్పా?

ఆవిరిరాజు:
హైదరాబాద్ శివారులో ఫైబర్ సిమెంట్ బోర్డులు చేసే ప్లాంటు మాది. పేరు అడగొద్దు, ఉద్యోగం కావాలి. 8 మి.మీ. బోర్డుల్లో నెల రోజులుగా ఒక తంటా వచ్చిపడింది. ఆటోక్లేవ్ అంటే ఒత్తిడి ఉన్న ఆవిరిలో బోర్డుని గట్టిపరిచే మూసిన పెద్ద ట్యాంకు. ఆటోక్లేవ్‌లోంచి ట్రాలీ లాగాక దొంతరలో పైవీ కిందివీ బాగానే ఉంటున్నాయి. మధ్యలోవి రూపాయి బిళ్ళతో తడితే అక్కడక్కడా 'టంగ్' అనాల్సింది 'బొద్'మంటోంది. కోసి చూస్తే పరోటా పొరల్లా విడిపోయి ఉంటోంది. క్వాలిటీ ఆయన డ్రయర్ వేడి ఎక్కువైందంటాడు. డ్రయర్ ఆయన గుజ్జులో కలిపే పల్ప్ (చెక్క నార) బాగాలేదంటాడు. మూడు ట్రాలీలు స్క్రాప్‌కి పోయాయి. ఎవరికైనా అనుభవం ఉందా?

గోదారిగట్టు:
మాది ప్లైవుడ్ అండి, రాజమండ్రి దగ్గర. వస్తువు వేరే గానీ రోగం ఇదే, మేం బ్లిస్టర్ అంటాం. జామాయిల్ వెనీర్ (పల్చటి చెక్క రేకు) ఎండలో ఆరేస్తాం. ముసురు పట్టిన వారం తేమ 14 శాతం ఉన్నా రిజిస్టర్‌లో 8 అని రాసి హాట్ ప్రెస్‌లో పెట్టేసేవారు. ప్రెస్ మూసి ఉన్నంతసేపూ ఏమీ కాదు. తెరిచీ తెరవగానే లోపలున్న ఆవిరి టప్‌మని పొరలు లేపేసేది. ఇప్పుడు మా మేస్త్రి ఒత్తిడి ఒక్కసారే వదలడు, మూడు దఫాలుగా దించుతాడు. మీవాళ్ళు ఆటోక్లేవ్ ఆవిరి ఎంతసేపట్లో వదులుతున్నారు? ముందది చూడండి.

ఎడారిబాబు:
ఒమాన్‌లో జిప్సం బోర్డు ప్లాంటు, పదకొండేళ్ళ సర్వీసు. మా దగ్గరైతే ఏ తప్పు జరిగినా డ్రయర్ మీదికే వస్తుంది, చాలాసార్లు అది నిజం కూడా.

లెక్క చూడండి. 100 కిలోల కాల్చిన జిప్సం పొడి గట్టిపడటానికి రసాయనికంగా 19 కిలోల లోపు నీళ్ళు చాలు. కానీ స్లరీ (జిప్సం జావ) రెండు పేపర్ల మధ్య పారాలంటే 65 దాకా పోయక తప్పదు. మిగిలిన 46 కిలోలూ డ్రయర్‌లో తోలెయ్యాలి. కిలో నీటికి దాదాపు 540 కిలోక్యాలరీలు. గ్యాసు బిల్లు చూస్తే మేనేజరుకి నిద్ర పట్టదు.

మొదట్లో నాకు వింతగా అనిపించింది ఒకటుంది. మొదటి జోన్‌లో గాలి 200 డిగ్రీలు దాటినా బోర్డు కాలదు. లోపల తడి ఉన్నంతసేపూ తడిగుడ్డ చుట్టిన కుండలా చల్లగానే ఉంటుంది. ప్రమాదమంతా చివరి జోన్‌లో. విడి నీళ్ళు అయిపోయాక కూడా అదే వేడి తగిలితే జిప్సం తన ఒంట్లో కట్టుకున్న నీటిని వదిలేస్తుంది. అది బరువులో ఐదో వంతు. అంచులు ముందు పోతాయి. ఒకసారి మా డ్రయర్ నాలుగో డెక్‌లో బోర్డు అడ్డం పడి లైను ఆగింది. తీసేసరికి అరగంట. వెనకున్న బోర్డు అంచు గోటితో గీకితే శనగపిండిలా రాలింది, పేపరు అప్పడంలా పైకి లేచింది. అందుకే చివరి జోన్‌కి వేడి తగ్గిస్తారు, స్లరీలో స్టార్చ్ కూడా కలుపుతారు. నీళ్ళు బయటికొస్తుంటే అది వెంట పేపరు దాకా వచ్చి, అక్కడి స్ఫటికాలు మాడకుండా అడ్డుకుంటుంది.

అందుకని రాజు గారూ, నా ఓటు డ్రయర్‌కే.

బాయిలర్ తాత:
ఎడారిబాబూ, నీ జిప్సం లెక్క ఇక్కడ పనికిరాదయ్యా. నీ బోర్డు నీళ్ళు వదిలితే బతుకుతుంది. సిమెంటుది నీళ్ళు పట్టుకుని గట్టిపడే జాతి. క్యూరింగ్ వేరు, ఎండబెట్టడం వేరు. మీ డ్రయర్ రాకముందే రాజు బోర్డు చెడిపోయింది. ట్రాలీ బయటికి రాగానే 'బొద్'మంటోందని వాడే రాశాడుగా?

ముప్ఫై ఏళ్ళు ఆటోక్లేవులకి ఆవిరి పంపినవాణ్ణి, చెబుతా వినండి. గేజిలో 9 బార్ ఉంటే లోపల దాదాపు 180 డిగ్రీలు. బోర్డు సందుల్లోని నీళ్ళూ అంతే వేడిగా ఉంటాయి, ఒత్తిడి ఉంది కాబట్టి మరగవు. వాల్వు బార్లా తెరిచి ఒత్తిడి సున్నాకి దింపారనుకో, ఆ నీళ్ళు 100కి దిగేదాకా ఒళ్ళంతా మరుగుతాయి. దొంతర పైవీ అంచులూ ఆవిరిని తేలిగ్గా వదిలేస్తాయి. మధ్యవాటికి దారేది?

పైగా మీది హాట్షెక్ మిషన్ బోర్డు అయి ఉంటుంది. ఆస్ట్రియాలో లుడ్విగ్ హాట్షెక్ 1900 ప్రాంతంలో అట్టల మిషన్‌ని సిమెంటు గుజ్జుకి మళ్ళించాడు. జల్లెడ సిలిండరు మీద పల్చటి పొర ఎత్తి, డ్రమ్ము మీద చుట్టుకుంటూ పోవడమే. ఒక్కో పొర మిల్లీమీటరులో మూడో వంతు అటూ ఇటూ. 8 మి.మీ. బోర్డులో పాతిక దాకా ఉంటాయి. ఆవిరికి అక్కడే సందు దొరుకుతుంది.

ఒత్తిడి గీత గీసే చార్టు రికార్డరు కాగితం తీసి చూడు రాజూ.

పాతకథలు:
మధ్యలో దూరుతున్నా. 1924లో అమెరికా మిసిసిపీలో విలియం మేసన్ రంపపు మిల్లు చెత్తతో మెత్తటి బోర్డు చేద్దామని ప్రెస్ వేసి భోజనానికి వెళ్ళాడట. పాడైన ఆవిరి వాల్వు వేడి తగ్గనివ్వలేదు. తిరిగొచ్చేసరికి గట్టి పలక తయారు! అదే మేసొనైట్ అని చెప్పుకుంటారు. అందరి వాల్వులూ నష్టమే తేవు రాజు గారూ.

సీలింగ్ సత్తన్న:
అన్న, మేం బిగించేటోళ్ళం. మీ మషిన్ల ముచ్చట మాకు తెల్వది గని ఒక్క మాట. కొన్ని బోర్డులు ఎంత మంచిగ బిగించినా ఎండాకాలం రాంగనే జాయింట్ల కాడ సన్నగ చీలుతయి. కొన్ని అస్సలే కదలవు. ఎందుకట్ల?

బాయిలర్ తాత:
మంచి ప్రశ్న సత్తన్నా. ఆటోక్లేవ్ వేడిలో సిమెంటు, మెత్తగా నూరిన ఇసుక కలిసి టోబర్మొరైట్ అనే స్ఫటికం కడతాయి. ఆ బోర్డు తేమకి ఉబ్బడం, ఆరితే కుంచించుకోవడం తక్కువ. ఆవిరి ఒత్తిడి లేకుండా మామూలుగా క్యూర్ చేసినది ఎక్కువ కదులుతుంది. దాంట్లో పీవీఏ అనే ప్లాస్టిక్ పోగు వేస్తారు, ఆటోక్లేవ్ వేడికి ఆ పోగు తట్టుకోదు. రెండూ ఒకే చోట బిగించేటప్పుడు జాయింటు సందు ఒకేలా వదలకు. వానలో తడిసిన బోర్డు మాత్రం ఏదైనా సరే, ఆరాకే బిగించు.

ఆవిరిరాజు:
చార్టులు దొరికాయి. పగటి షిఫ్టులో ఒత్తిడి సున్నాకి దిగడానికి రెండున్నర గంటలు. రాత్రి షిఫ్టులో నలభై నిమిషాలు! ఆరింటికి షిఫ్టు మారేలోపు ట్రాలీ బయట ఉండాలని వాల్వు పూర్తిగా తిప్పేస్తున్నారు. స్క్రాప్‌కి పోయిన మూడు ట్రాలీలూ రాత్రివే. కుర్రాణ్ణి తిట్టలేకపోయాను. "ట్రాలీ లేటయితే పొద్దున్నే ఫోన్ మీకొస్తుందా నాకొస్తుందా సార్" అన్నాడు.

గోదారిగట్టు:
మా రిజిస్టర్‌లో 8 రాసినవాడూ అచ్చం ఇదే అన్నాడండి.

ఎడారిబాబు:
నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా తాతా. 😄

ఆవిరిరాజు:
వారం తర్వాత రాస్తున్నా. ఒత్తిడి దించడానికి రాత్రి కూడా రెండున్నర గంటలే ఇస్తున్నాం. ట్రాలీ ఎనిమిదికి వస్తోంది, ఆ రెండు గంటల కోసం ప్రొడక్షన్ మీటింగులో రోజూ నాకు క్లాసు. ఆరు ట్రాలీలు బిళ్ళతో తట్టి చూశాను, మధ్యవి కూడా టంగ్‌మంటున్నాయి. ఒక ట్రాలీలో మాత్రం అడుగు బోర్డు ఒక మూల మెత్తగా ఉంది, దాని కింద ప్లేటు మీద నీళ్ళు నిలిచాయి. తాతా, కండెన్సేట్ లైను (ఆవిరి చల్లారి అయిన నీళ్ళు పోయే పైపు) మూసుకుపోయిందంటారా?

బాయిలర్ తాత:
ఆ లైను ట్రాప్ (నీళ్ళు వదిలి ఆవిరిని ఆపే వాల్వు) విప్పి చూడు. తుప్పు, సిమెంటు బురద పట్టేసి ఉంటుంది. విప్పేముందు లోపల ఒత్తిడి పూర్తిగా లేదని గేజి, వెంటు రెండూ చూసుకో. తలుపు జోలికి మాత్రం తొందరపడి వెళ్ళకు.