పిలార్ అనే స్పానిష్ పేరు: అర్థం, నేపథ్యం

ప్రశ్న:
మా కార్యాలయంలో పనిచేసే ఒక స్పెయిన్ దేశస్థురాలి పేరు పిలార్. ఆ మాటకు స్తంభం అని అర్థమనీ, స్పానిష్‌లో అది పుంలింగ పదమనీ తెలిసింది. ఆడపిల్లలకు ఈ పేరు ఎలా వచ్చిందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1:
దీన్ని ‘ఇంటికి మూలస్తంభం’ అన్న భావంతో పెట్టిన పేరుగా తీసుకోకూడదు. పూర్తి పేరు మరియా దెల్ పిలార్, అంటే స్తంభం మీది మరియమాత. వాడుకలో మొదటి భాగం జారిపోయింది. క్రీ.శ. 40లో యేసు శిష్యుడు, అపొస్తలుడైన యాకోబు తన బోధ వినేవారు కరువై స్పెయిన్‌లోని ఎబ్రో నది ఒడ్డున నిరుత్సాహంతో ఉండగా, అప్పటికింకా యెరూషలేములో జీవించి ఉన్న మరియమాత ఒక రాతి స్తంభంపై దర్శనమిచ్చి ధైర్యం చెప్పిందని అక్కడివారి నమ్మకం. చారిత్రక ఆధారాలు లేకపోయినా, ఆ నది ఒడ్డునే ఉన్న సరగోసా నగరంలోని పిలార్ బసిలికాకు (పెద్ద చర్చికి) ఆ కథే పునాది. రొసారియో (జపమాల), కొన్సువేలో (ఓదార్పు) కూడా పుంలింగ పదాలే అయినా, మరియమాత బిరుదుల నుంచి వచ్చినవి కనుక స్త్రీల పేర్లయ్యాయి. వేళాంగణి ఆరోగ్యమాత పేరున మన క్రైస్తవ కుటుంబాల్లో ఆరోగ్యమ్మ అని పెట్టుకోవడం ఇటువంటిదే.

సమాధానం 2:
నేను సరగోసాలో చదువుకున్నాను కనుక కొంత చేరుస్తాను. బసిలికాలో ఆ స్తంభంపై ఉన్న మరియమాత విగ్రహం ఎత్తు 40 సెంటీమీటర్లు కూడా ఉండదు. స్తంభాన్ని చాలా రోజులు వస్త్రంతో కప్పి ఉంచుతారు గాని, వెనుకవైపు గోడలో ఉన్న చిన్న రంధ్రం దగ్గర భక్తులు వంగి రాతిని ముద్దు పెట్టుకుంటారు. తరతరాల ముద్దులకు అక్కడ రాయి గుంటపడింది. విగ్రహమంత పొడవుగా కత్తిరించిన రంగు రిబ్బన్లను కొనుక్కొని కారు అద్దానికో, పసిపిల్లల ఉయ్యాలకో కట్టుకుంటారు. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం మొదలైన కొద్ది రోజులకే బసిలికాపై పడిన బాంబులు పేలలేదు. వాటిని ఇప్పటికీ లోపల గోడకు ప్రదర్శనగా ఉంచారు. ఆ ఊరివారు పిలార్‌ను ఎంతగా తమదిగా భావిస్తారో అవి చూస్తే అర్థమవుతుంది.

సమాధానం 3:
పిలార్ మాత పండుగ అక్టోబరు 12న జరుగుతుంది. అదే స్పెయిన్ జాతీయ దినం కూడా. 1958 నుంచి ఆ రోజున సంప్రదాయ దుస్తుల్లో వచ్చిన జనం బసిలికా ముందరి చౌకులో మరియమాతకు పూలు సమర్పిస్తున్నారు. ఈ పేరు నేటి పసిపిల్లల్లో తగ్గినా, పెద్ద వయసు స్త్రీలలో చాలా ఎక్కువ. ముద్దుగా పిలి అంటారు. అక్టోబరు 12 మీ సహోద్యోగికి నామదినం (ఆమె పేరుకు మూలమైన మాత పండుగ రోజు) కాబట్టి ఆ రోజు శుభాకాంక్షలు చెప్పండి, తప్పక సంతోషిస్తారు.