మిక్సింగ్ గదిలో 118 హెర్ట్జ్ దగ్గర గొయ్యి: నేల వల్లా, వెనక గోడ వల్లా?

గది పొడవు 3.6, వెడల్పు 3, ఎత్తు 2.7 మీటర్లు. పొడవు వైపు చూస్తూ కూర్చుంటే చెవి ముందు గోడకు 1.4 మీటర్ల దూరంలో, నేలకు 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుంది. స్పీకర్లూ అదే ఎత్తులో, ముందు గోడకు 40 సెంటీమీటర్లలో, చెవికి 1.2 మీటర్లలో ఉన్నాయి.

కొలత మైకుతో స్వీప్ (తక్కువ నుంచి ఎక్కువ పౌనఃపున్యం దాకా సాగే పరీక్ష శబ్దం) తీస్తే 118 హెర్ట్జ్ దగ్గర 12 డెసిబెల్స్ గొయ్యి, అంటే అక్కడ శబ్దం అంత తగ్గిపోతోంది. ఈక్యూతో (ఒక్కో పౌనఃపున్యాన్ని పెంచే, తగ్గించే సాధనం) పెంచి లాభం లేదు, దాన్ని కొట్టేసే ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతుంది. ప్రతిధ్వని నేరు శబ్దం కంటే అర తరంగదైర్ఘ్యం ఎక్కువ నడిచే చోట గొయ్యి పడుతుంది. ముందు గోడ వల్ల అయితే 240 దగ్గర పడాలి, కాబట్టి అది కాదు. నేల మీద నుంచి వచ్చే శబ్దం చెవికి చేరేసరికి సుమారు 1.5 మీటర్లు ఎక్కువ నడుస్తుంది, అంటే 116. వెనక గోడకు ఒకటిన్నర తరంగదైర్ఘ్యాల లెక్క వేసినా 120 దగ్గరే తేలుతోంది. చిక్కంతా ఇక్కడే!

కుర్చీ ఒక్కటే జరిపితే రెండు గొయ్యిలూ కలిసే కదులుతాయి. అందుకే స్పీకర్లనూ కుర్చీనీ కలిపి 20 సెంటీమీటర్లు ముందుకు జరిపి కొలవాలనుకుంటున్నాను. నేల గొయ్యి కదలకూడదు, వెనక గోడది 110కి దిగాలి. ఇది నమ్మదగ్గ పరీక్షేనా? 127 దగ్గరున్న ఎత్తు మోడ్ (నేలకూ పైకప్పుకూ మధ్య నిలిచే ప్రతిధ్వని) దీన్ని తికమక పెడుతుందా?

60×120 సెంటీమీటర్ల, 10 సెంటీమీటర్ల మందం రాక్‌వూల్ పలకలు నాలుగున్నాయి. వెనక గోడకు రెండేసి కలిపి పెట్టడం మేలా, లేక గోడ నుంచి 10 సెంటీమీటర్లు ఖాళీ వదిలి నాలుగూ పరచడమా? కొలిచి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.