‘పట్టడం లేదు’, ‘పట్టేసింది’ ఒకటేనా?

డీజిల్ మెకానిక్ ట్రేడ్ పిల్లలకి లారీ ఇంజిన్ కూలింగ్ ఫ్యాన్ మార్చే పాఠం తెలుగులో రాస్తున్నాను. ఇంజిన్ వేడిని బట్టి ఫ్యాన్‌ని పట్టుకుని తిప్పే, చల్లబడితే వదిలే విస్కస్ క్లచ్ ‘ఎంగేజ్’ అవడాన్ని ‘సంధానమగు’ అని, ‘సీజ్’ అవడాన్ని ‘స్తంభించు’ అని రాశాను. రెండూ నాకు నచ్చలేదు. షెడ్డులో ఏమంటారు?

జవాబు: మాస్టారూ, రెండింటికీ ‘పట్టు’ చాలు. మా విజయవాడ ఆటోనగర్‌లో “క్లచ్ పట్టడం లేదు” అంటే ఇంజిన్ వేడెక్కినా ఫ్యాన్ వేగం అందుకోవట్లేదని. ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది, డ్రైవర్‌కి టెన్షన్. “క్లచ్ పట్టేసింది” అంటే ఇంజిన్ చల్లగా ఉన్నా ఫ్యాన్‌ని వదలడం లేదని. ఒకటే హోరు, డీజిల్ దండగ. క్రియ ఒకటే, జబ్బులు మాత్రం ఎదురెదురు.

తేడా అంతా ఆ ‘ఏ’లో ఉంది. ‘పట్టివేసింది’లోని ‘వేయు’ అరిగి అలా మిగిలింది. మెడ పట్టేసింది, బేరింగ్ పట్టేసింది అంటాం కదా, పట్టింది ఇక వదలదని అర్థం. ‘స్తంభించింది’ అని రాస్తే పిల్లలు ఫ్యాన్ ఆగిపోయిందనుకుంటారు. ఇక్కడ ఆగింది ఫ్యాన్ కాదు, క్లచ్ జారడం.

పట్టు చూసే పద్ధతి కూడా రాయండి. ఇంజిన్ ఆపి, చల్లారాక రెక్కని చేత్తో తిప్పితే కాస్త బరువుగా కదిలి ఆగాలి. తొయ్యగానే గిరగిరా తిరుగుతూనే ఉంటే పట్టు పోయినట్టే. క్లచ్ మీద జిడ్డు, దానికి అంటుకున్న దుమ్ము కనిపిస్తే లోపలి సిలికాన్ ఆయిల్ కారిందన్నమాట. రేడియేటర్ దాటి వచ్చే గాలి వేడెక్కినప్పుడు క్లచ్ ముందున్న బైమెటల్ స్ప్రింగ్ మెలి తిరిగి వాల్వ్ తెరుస్తుంది. ఆ ఆయిల్ లోపలి సందుల్లోకి చేరితేనే పట్టడం.

మరొకరు: మా వరంగల్ వైపు ‘జామైంది’ అని కూడా అంటాం. ‘పట్టేసింది’ అన్నా తెలుస్తది. కాకపోతే నట్టు దగ్గర జాగ్రత్త. కొన్ని బళ్లల్ల ఫ్యాన్ హబ్ నట్టుకు రివర్స్ థ్రెడ్ ఉంటది. నట్టు పట్టేసిందనుకుని మామూలు వైపే బలంగా తిప్పితే ఇంకా బిగుస్తది. ఈ మాట పాఠంల ముందే పెట్టండి సార్.

అడిగినవారు: పెడతాను. ఆ భాగానికి ‘పట్టు పరీక్ష’ అని శీర్షిక బావుంటుందా?

జవాబు: వద్దండీ, చీరల పట్టు అనుకుంటారు. ‘క్లచ్ పడుతోందో లేదో చూడటం’ అని రాయండి.