ఎగ్మూరులోని అమరావతి శిల్పాలు: ఏటా ఒక సీజన్ ఆంధ్రాకి పంపాలా?

కొళత్తూరు కుర్రాడు:
చెన్నైలో ఉన్న మనవాళ్ళందరినీ అడుగుతున్నా. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి బౌద్ధ మహాస్తూపం శిల్పాలు ఉన్నాయి కదా. పూర్తిగా ఇచ్చేయమని మనవాళ్ళు అప్పుడప్పుడు అడుగుతారు, తమిళనాడు ఇవ్వదు, కథ అక్కడితో ఆగిపోతుంది. దానికి బదులు బుద్ధ పూర్ణిమ నుంచి రెండు మూడు నెలలు కొన్ని శిల్పాల్ని విజయవాడలోనో అమరావతిలోనో ప్రదర్శనకి పెడితే? ఏటా ఒక సీజన్. నేనైతే పంపాలనే అంటాను. తెలంగాణలోని ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్ళాయి. ఇవి రాత్రి రైలు దూరం కూడా కదలకూడదా?

గుంటూరు మిర్చి:
మన స్తూపం రాళ్ళు మనం అరువు తెచ్చుకోవడమేంటండీ! 1953లో మద్రాసు వాళ్ళకి పోయింది, సరే. రాళ్ళు కూడా పోవాలా? అరువు కాగితం మీద సంతకం పెట్టామంటే ఓనర్ వాళ్ళేనని రాసిచ్చినట్టే. రేపు కోర్టుకి వెళ్ళినా ఆ కాగితమే మన ముఖాన కొడతారు. అడిగితే పూర్తిగా అడగండి, లేకపోతే ఊరుకోండి.

పెరంబూరు పెద్దాయన:
మిర్చి బాబూ, కోపం బాగుంది గానీ, 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ మెకంజీ ఆ స్తూపం దిబ్బ చూసేనాటికే అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు కట్టడాల కోసం దాన్ని తవ్వేస్తున్నారు. కొన్ని రాళ్ళు కాలి సున్నం కూడా అయ్యాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసు పంపితే ఏళ్ళ తరబడి ఆరుబయట ఎండకీ వానకీ పడి ఉన్నాయి. వాటిలో 121 ముక్కలు 1859లో లండన్ వెళ్ళాయి. ఎవరు పాడు చేశారని లెక్క తీస్తే మన జమీందారు గారి దగ్గరే మొదలెట్టాలి.
ఇంకో మాట. మనవాళ్ళు పెళ్ళి చీరలకి టీనగర్ వస్తారు. ఈ మ్యూజియం ఉన్న పాంథియన్ రోడ్డు వైపు తొంగి చూసేవాళ్ళు ఎంతమంది?

రాతిపని:
నేను శిల్పాల సంరక్షణ పని చేస్తాను, ఈ మ్యూజియంలో కాదు. ఓనర్ ఎవరన్న గొడవ మీరు తేల్చుకోండి. నా గొడవ ‘ఏటా’ అన్న మాటతో.
ఇది పాలరాయి అని అందరూ అంటారు, నిజానికి పల్నాటి సున్నపురాయి. దీనిలోకి తేమ ఎక్కితే లోపలి ఉప్పు పైకి వచ్చి చెక్కడం పొరలుగా రాలిపోతుంది. పైగా 19వ శతాబ్దంలో చాలా పలకల్ని మ్యూజియం గోడల్లోనే పెట్టి బిగించారు. అలా బిగించినదాన్ని ఊడదీయడమంటే సగం ప్రమాదం అక్కడే. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఈ శిల్పాలకి అద్దాల గది కట్టి, లోపలి తేమని అదుపులో పెట్టింది ఊరికే కాదు.
ఒక్క పలక బయటికి వెళ్ళాలన్నా ప్రతి పగులూ ఫొటో తీసి కండిషన్ రిపోర్ట్ రాయాలి. దాని కొలతకే పెట్టె చేయించాలి. ఇన్సూరెన్స్, వెంట ఒక మనిషి, అక్కడ దింపాక మళ్ళీ అదే తనిఖీ. ఎక్కించడం, దించడం, నిలబెట్టడం, మళ్ళీ పడుకోబెట్టడం: దెబ్బ తగిలేది ఇక్కడే, దారిలో కాదు. న్యూయార్క్ ఒక్కసారి. మీరు అడిగేది ప్రతి వేసవీ, అదీ కృష్ణా తీరం ఎండల్లో.
బుద్ధుడి మీదికి వదిలిన నాళగిరి ఏనుగు పలక చూశారా? ఒకే వృత్తంలో ఏనుగు రెండుసార్లు ఉంటుంది, ఒకచోట జనాన్ని తొక్కుతూ, ఇంకోచోట బుద్ధుడి ముందు మోకరిల్లుతూ. పైన కిటికీల్లోంచి చూసే ఆడవాళ్ళ ముఖాలు వేలి గోరంత. దాన్ని కదపమంటే నేను చచ్చినా సంతకం పెట్టను.

మైలాపూరు మాస్టారమ్మ:
అయితే సీజన్ ఇక్కడే చేయొచ్చు కదండీ? డిసెంబర్లో కచేరీలకి ఊరంతా బయటివాళ్ళే. ఆ నెల గ్యాలరీలో సాయంత్రాలు తెలుగులో చెప్పేవాళ్ళని పెట్టి, బడిపిల్లల్ని తీసుకొచ్చి బొమ్మలు గీయిస్తే చాలు. రాయి కదలక్కర్లేదు, ఖర్చూ తక్కువ.

కొళత్తూరు కుర్రాడు:
మేడమ్, అది మనకి బాగుంటుంది. తాడికొండ, క్రోసూరు పిల్లలకి? దిబ్బ పక్కనే పెరిగి, దానిమీద ఏముండేదో చూడాలంటే చెన్నై రావాలా?

రాతిపని:
తమ్ముడూ, అమరావతిలో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, అక్కడివీ అసలైనవే. ముందు ఆ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళేదెవరో చెప్పు.

కొళత్తూరు కుర్రాడు:
సరే అక్కా, ‘ఏటా’ వదిలేద్దాం. ఒక్కసారే. గోడకి బిగించనివి, గట్టిగా ఉన్నవి మీలాంటివాళ్ళే ఎంచాలి. బదులుగా అమరావతి మ్యూజియం నుంచి కొన్ని ఇక్కడికి రావాలి. ఒకే స్తూపం ముక్కలు రెండు ఊళ్ళలోనూ పక్కపక్కన పెట్టి చూపిస్తారు.

రాతిపని:
ఎంపిక మ్యూజియంవాళ్ళు గాక బయటి నిపుణులు చేస్తే ఆలోచించొచ్చు. వేసవి మాత్రం వద్దు, బుద్ధ పూర్ణిమ సెంటిమెంట్ పక్కన పెట్టండి. డిసెంబర్, జనవరి.

గుంటూరు మిర్చి:
మార్పిడి అంటే వింటాను, అందులో రెండు వైపులా ఒకటే హోదా. కానీ ‘ఈ ఒప్పందం యాజమాన్యం గురించి ఏమీ తేల్చదు’ అని అగ్రిమెంటులో ఒక లైను ఉండాలి. ఆ లైను లేకుండా ఒక్క రాయి కదిలినా నేను ఒప్పుకోను.

పెరంబూరు పెద్దాయన:
ఆ లైను చూశాక తమిళనాడువాళ్ళు ఒప్పుకుంటారంటావా?