కప్పీ లెక్కలో త్వరణం రుణాత్మకంగా వస్తోంది, ఎక్కడ పొరపడ్డాను?

ప్రశ్న – ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని

నమస్కారం. గరుకైన బల్లపై 4 కిలోల దిమ్మె ఉంది. దానికి కట్టిన తాడు బల్ల అంచున ఉన్న నునుపైన, తేలికైన కప్పీ మీదుగా కిందికి వెళ్తుంది. ఆ కొసన మరో దిమ్మె వేలాడుతోంది. స్థైతిక (కదలక ముందు) ఘర్షణ గుణకం 0.4, గతిక (జారుతున్నప్పుడు) ఘర్షణ గుణకం 0.3, గురుత్వ త్వరణం 10 మీ/సె². వేలాడే దిమ్మె (అ) 1 కిలో, (ఆ) 2 కిలోలు అయినప్పుడు త్వరణాన్నీ తాడులోని తన్యతనూ (తాడు లాగే బలాన్నీ) కనుక్కోవాలి. మొదట రెండు దిమ్మెలూ నిశ్చలంగా ఉన్నాయి.

మొదటి భాగంలో లాగే బలం 10 న్యూటన్లు, ఘర్షణ 0.3 × 40 = 12 న్యూటన్లు కనుక, (10 − 12) ÷ 5 చేస్తే −0.4 వచ్చింది. తాడు ముందుకు లాగుతుంటే దిమ్మె వెనక్కి వెళ్తుందంటే నమ్మబుద్ధి కావడం లేదు. రెండో భాగంలో తన్యత 20 న్యూటన్లు అనుకొని (20 − 12) ÷ 4 = 2 రాశాను, పుస్తకం వెనుక 1.33 అని ఉంది. జవాబు ఎలాగూ దొరికింది, నా ఆలోచన ఎక్కడ తప్పిందో దయచేసి చెప్పండి.

జవాబు – విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు

అమ్మా, చేసిన పనంతా చూపించి అడిగారు కనుక పొరపాటు వెంటనే కనబడింది. దిమ్మె వెనక్కి వెళ్లదన్న మీ అనుమానం పూర్తిగా సరైనది.

నిశ్చలంగా ఉన్న వస్తువు విషయంలో, స్థైతిక ఘర్షణ గుణకాన్ని అభిలంబ బలంతో (బల్ల దిమ్మెను పైకి నెట్టే బలం, ఇక్కడ 40 న్యూటన్లు) గుణిస్తే ఘర్షణ ఎంతవరకు పెరగగలదో ఆ హద్దు మాత్రమే వస్తుంది. నిండు బీరువాను మెల్లగా నెట్టి చూడండి: మీరు ఎంత బలంతో నెడితే నేల అంతే బలంతో అడ్డుకుంటుంది, హద్దు దాటేవరకు బీరువా కదలదు. ఇక్కడ హద్దు 0.4 × 40 = 16 న్యూటన్లు, లాగే బలం 10 మాత్రమే. కాబట్టి ఘర్షణ సరిగ్గా 10 న్యూటన్లు, త్వరణం సున్నా, తన్యత 10 న్యూటన్లు.

అయినా మీ −0.4 వృథా పోలేదు. దిమ్మె అప్పటికే కప్పీ వైపు జారుతూ ఉంటే, గతిక ఘర్షణ 12 న్యూటన్లే పనిచేస్తుంది, వేగం సెకనుకు 0.4 మీ/సె చొప్పున తగ్గి దిమ్మె ఆగిపోతుంది. ఆగిన తరువాత అక్కడే ఉంటుంది. మీరు సాధించినది ఆ లెక్క.

ఇక తన్యత సంగతి. గిలక బావిలో చేదను దించిన వారికి ఇది చేతికే తెలుస్తుంది: తాడు బిగించి చేదను నిలిపితే బరువంతా చేతికి వస్తుంది, వేగం పెరిగేలా జారనిస్తే తాడు తేలికవుతుంది. వేలాడే దిమ్మె త్వరణంతో కిందికి దిగుతున్నదంటే తన్యత దాని భారం కన్నా తక్కువే ఉండాలి. రెండూ సమానమైతే దానికి త్వరణమే ఉండదు.

జవాబు – ఇంజినీరింగ్ విద్యార్థి

ఏ దిమ్మెకు ఆ దిమ్మెకు వేరుగా బలాల పటం గీసి, ఒక్కోదానికి ఒక సమీకరణం రాయండి. రెండో భాగంలో లాగే బలం 20 న్యూటన్లు, 16 హద్దును దాటింది కనుక దిమ్మె జారుతుంది. బల్లపై దిమ్మెకు: తన్యత − 12 = 4 × త్వరణం. వేలాడే దిమ్మెకు: 20 − తన్యత = 2 × త్వరణం. రెంటినీ కూడితే తన్యత తొలగిపోతుంది. కప్పీకి ద్రవ్యరాశి ఉంటే మాత్రం తాడు రెండు వైపులా ఒకే తన్యత ఉండదు, అందుకే ప్రశ్నలో తేలికైన కప్పీ అని ఇచ్చారు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

కూడితే 8 = 6 × త్వరణం, అంటే 1.33 మీ/సె², తన్యత 17.33 న్యూటన్లు వచ్చింది, 20 కన్నా తక్కువే ఉంది. కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది: వేలాడే దిమ్మె 1.4 కిలోలైతే 14 న్యూటన్లు 12 కన్నా ఎక్కువ, 16 కన్నా తక్కువ. అప్పుడు కదులుతుందా, కదలదా?

జవాబు – విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు

చాలా మంచి ప్రశ్న. నిశ్చలంగా వదిలితే కదలదు. కప్పీ వైపు చిన్నగా తోస్తే మాత్రం ఆగదు, 2 ÷ 5.4, అంటే సుమారు 0.37 మీ/సె² త్వరణంతో వేగం పెంచుకుంటూ పోతుంది. బల్లపై ఒక పుస్తకం పెట్టి, దారం కట్టి, అంచున వేలాడే గ్లాసులో కొద్దికొద్దిగా బియ్యం పోస్తూ చూడండి. జారడానికి కాస్త ముందు పోయడం ఆపి, పుస్తకాన్ని వేలితో కదపండి.